మల్లన లెక్కకు ఒకటి కలిపితే

తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి, భువనగిరి నుంచి.

అయ్యా,

మా వాడకట్టు పిల్లలు ముగ్గురు బీటెక్ ఆఖరి ఏడాదిలో ఉన్నారు. ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి. వాళ్లు తమ కాలేజీకి ఇచ్చిన ప్రాజెక్టు కాగితం దసరా సెలవుల ముందు తిరిగొచ్చింది. టైటిల్ గడి పక్కన ఎర్ర ఇంకుతో ఒక ప్రశ్న: 'కూడికలు, గుణకారాలు ప్రాజెక్టా?' కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఆ ప్రశ్న రాసిన గైడు గారి మీద నాకు కోపం కూడా లేదు. ఆయన బల్ల మీద కట్టలకొద్దీ కాగితాలు. సగానికి పైగా ఏఐ, మిగిలినవాటిలో సగం బ్లాక్‌చెయిన్. మధ్యలో ఒక్కదాని మీద మాత్రం మూడో తరగతి పలక గుర్తుకొచ్చే మాటలు. ఎవరైనా అదే రాసేవారేమో. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఉంది. పిల్లలకు అప్పుడు నోరు పెగల్లేదు. సిలబస్ నమూనాలు, క్రెడిట్ల లెక్కలు చర్చకొచ్చే చోటు మీది కాబట్టి ఆ జవాబు మీకు రాస్తున్నాను.

నేను సీ భాషలో ప్రోగ్రాములు రాసి బతికినవాణ్ణి. కొలువు హైదరాబాద్‌లో, ఇల్లు భువనగిరి ఖిల్లా కింద, మధ్యలో రైలు. ఇప్పుడు కొలువు లేదు. ఆదివారాలు ఈ ముగ్గురూ మా వరండాలో కూర్చుంటారు.

వాళ్లు తలపెట్టింది ఎంత పెద్ద సంఖ్యతోనైనా తప్పు లేకుండా లెక్క చేసే లైబ్రరీ, సీ భాషలో. సీ భాష సంఖ్యకు ఒక పెట్టె ఇస్తుంది. నేటి మెషీన్లలో మామూలుగా దొరికే పెద్ద పెట్టెలో 64 బిట్లు. పట్టినంత పడుతుంది, ఆ పైది పొర్లిపోతుంది. బ్యాంకు సైటుకు పాస్‌వర్డు పంపేటప్పుడు వెనక నడిచే ఆర్‌ఎస్‌ఏ సంకేతలిపి లెక్కల్లో సంఖ్యలు తరచుగా 2,048 బిట్లవి. అంటే 32 పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాంట్లో పొర్లింది పక్కదాంట్లో పడేలా చూసుకుంటూ కూడాలి, గుణించాలి, భాగించాలి. ఒక్కో పెట్టెను ఈ పనివాళ్లు లింబు అంటారు.

ఆ పెట్టెలో పట్టే అతి పెద్ద సంఖ్య ఎంతో మన తెలుగువాడు ఒకడు ఎప్పుడో పద్యంలో చెప్పి పెట్టాడు. పావులూరి మల్లన. జైనుడైన మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని తెలుగు చేసినవాడు. చదరంగం బల్ల మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టిస్తూ 64 గడులూ నింపితే మొత్తం ఎంత? 18446744073709551615. మల్లన దీన్ని అంకెలతో కాక మాటలతో కట్టాడు. బాణాలంటే అయిదు, చంద్రుడంటే ఒకటి, ఆకాశమంటే సున్నా, వేదాలంటే నాలుగు. పైగా ఒకట్ల స్థానం దగ్గర మొదలుపెట్టి ఎడమకు నడుస్తాడు. ఇప్పటి పెద్ద సంఖ్యల లైబ్రరీలూ చాలావరకు అంతే, అన్నిటికంటే చిన్న స్థానపు లింబును ముందు పెట్టుకుంటాయి. కూడిక అక్కడే కదా మొదలయ్యేది. పద్యం చదవడం తెలిసిన మా చిన్నాయనకు ఈ ముచ్చట చెబితే, 'మరి మీ కంప్యూటరు కొత్తగా చేసిందేంది?' అన్నాడు.

64 గడులూ నిండిన బల్ల అంటే 64 బిట్లూ ఒకట్లైన లింబు. దానికి ఒకటి కలిపితే బల్ల మొత్తం ఖాళీ అయి, ఒకటి పక్క బల్ల మీదికి పోతుంది. బడిలో మనం 'చేతిలో ఒకటి' అనుకునేది ఇదే. కూడిక ప్రాజెక్టా అని అడిగారు కదా, మా పిల్లలు తప్పు చేసింది సరిగ్గా ఈ కూడికలోనే. ఆ తప్పును కొంచెం దగ్గర నుంచి చూపిస్తాను, ఓపిక పట్టండి.

రెండు లింబులు కలిపినప్పుడు పొర్లిందా లేదా అన్నది సీ భాష తనంతట తాను చెప్పదు. పొర్లితే మొత్తం ఒక చుట్టు తిరిగి మళ్లీ సున్నా నుంచి లెక్క మొదలవుతుంది. అందుకని అందరూ వాడే ఉపాయం ఒకటుంది: వచ్చిన మొత్తం, మొదట తీసుకున్న సంఖ్య కంటే చిన్నదైతే పొర్లినట్టే. రెండు సంఖ్యలకు ఇది ఎప్పుడూ నిజం. కానీ ప్రతి మెట్టులో కలపాల్సినవి రెండు కాదు, మూడు. పై లింబు, కింది లింబు, చేతిలో ఉన్నది. పిల్లలు మూడూ ఒకేసారి కలిపేసి చివర్లో ఒక్కసారి పోల్చారు. చూడటానికి ముచ్చటగా ఉంది, ఒక పంక్తి మిగిలింది కూడా. వేరే వేరే సంఖ్యలు యాదృచ్ఛికంగా తీసుకుని రాత్రంతా పరీక్షలు నడిపారు. ఒక్క తప్పు రాలేదు.

'ఏడు తీసుకో బిడ్డా' అన్నాను. 'దానికి మల్లన సంఖ్య కలుపు. చేతిలో ఒకటుంది, అదీ కలుపు.'

ఏడుకు మల్లన సంఖ్య, ఇంకొకటి కలిపితే పెట్టె నిండుగా ఒక చుట్టు తిరిగి మళ్లీ ఏడు దగ్గరే ఆగుతుంది. ఏడు కంటే ఏడు చిన్నదా? కాదు. కాబట్టి పొర్లలేదని ప్రోగ్రాము తీర్మానించింది, పక్క లింబుకు పోవాల్సిన ఒకటి గాల్లో కలిసింది. పెద్దమ్మాయి కాసేపు తెర వైపే చూసి, 'రాత్రంతా నడిపినం కద సార్' అంది. నడిపారు. కానీ కింది లింబు యాదృచ్ఛికంగా మల్లన సంఖ్యే అయి రావడానికి 2కి 64వ ఘాతంలో ఒక వంతు అవకాశం. ఒక రాత్రి కాదు, మనవళ్ల కాలం దాకా నడిపినా తగలదు. సరైన పద్ధతి రెండుసార్లు కలిపి రెండుసార్లు పోల్చడం. ఒక్క పంక్తి ఎక్కువ.

ఇది పిల్లల తప్పు మాత్రమే అనుకోకండి. ప్రపంచంలో ఎన్నో సర్వర్లు నమ్ముకున్న భద్రతా లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో వర్గం కట్టే ఫంక్షను ఒక్కోసారి తప్పు జవాబు ఇస్తుందని 2015 జనవరిలో ప్రకటించారు. ఆ 'ఒక్కోసారి' ఆ లోపమున్న 64 బిట్ల మెషీన్ల మీద 2కి 128వ ఘాతంలో ఒకసారి. ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. ఇలాంటివి పట్టడానికి జీఎంపీ అనే పెద్ద లైబ్రరీలో ప్రత్యేకంగా ఒక ఫంక్షను రాసి పెట్టారు. అది ఇచ్చే సంఖ్యల్లో ఒకట్లు గుంపులుగా, సున్నాలు గుంపులుగా ఉంటాయి. చూస్తే యాదృచ్ఛికంలా ఉండవు, కానీ చేతిలోది జారిపోయే చోట్లను వెతికి తొక్కుతాయి.

సరిచూసుకునే ఇంకో దారి మా ఊరి కిరాణా సేట్లకు ఎప్పటినుంచో తెలుసు. పద్దులో అంకెలన్నీ కూడి, తొమ్మిదులు కొట్టేసి, మిగిలినదాన్ని పోల్చుకుంటారు. పదుల లెక్కలో పది కంటే ఒకటి తక్కువ తొమ్మిది. లింబుల లెక్కలో ఆ తొమ్మిది స్థానం మల్లన సంఖ్యది. కాబట్టి లింబులన్నీ కూడి, పొర్లిన ఒకటిని మళ్లీ అడుగునే కలిపేస్తే చాలు, మల్లన సంఖ్యతో భాగించిన శేషం చేతికొస్తుంది. గుణకారానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూసుకుంటే చేతిలోది ఒక్కటి జారినా దొరికిపోతుంది. పెద్దమ్మాయి తన పరీక్షల ఫైలు మొత్తం దీని మీదే కట్టింది. ఇప్పుడు చెప్పండి, మూడో తరగతి లెక్కేనా ఇది?

జీఎంపీ అన్నాను. దాని గురించి రెండు మాటలు. స్వీడన్‌కు చెందిన టోర్బ్యోర్న్ గ్రాన్‌లుండ్ రాయగా 1991లో మొదటిసారి బయటికొచ్చింది. గ్నూ ప్రాజెక్టులో భాగం. ఎవరైనా తెచ్చుకోవచ్చు, తెరిచి చూడొచ్చు, దిద్దొచ్చు. మన కాలేజీ ల్యాబుల్లో పిల్లలు మొదటి ప్రోగ్రాము కంపైల్ చేసే జీసీసీ 2008 నుంచి ఇది లేనిదే తయారవదు. లక్షలు పోసి కొనే కొన్ని గణిత సాఫ్ట్‌వేర్లలోనూ లోపల ఇదే. ముప్పై ఏళ్లు దాటినా దాని మీద పని ఆగలేదు. కొత్త ప్రాసెసరు వచ్చినప్పుడల్లా లోపలి మరలు మళ్లీ బిగించాలి.

ఆ బిగించడం ఎలాంటిదో మా జిల్లా వాళ్లకు చెప్పడం తేలిక. మా అమ్మ ఆసు పోసేది. పట్టు దారాన్ని ఒక మేకు నుంచి అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల వరుస మీదికి, మళ్లీ వెనక్కి చుట్టాలి. ఒక చీరకు చెయ్యి అటూ ఇటూ 9,000 సార్లు ఆడాలని లెక్క. రాత్రుళ్లు అమ్మ భుజానికి నేను కొబ్బరి నూనె రాసేవాణ్ణి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూసి 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం పూర్తి చేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కొత్త చీర కనిపెట్టలేదు. కొత్త డిజైనూ కనిపెట్టలేదు. 9,000 సార్లు తిరిగే ఆ ఒక్క కదలికను పట్టుకున్నారు. అదే ఏ కాలేజీలోనైనా టైటిల్ ఫారం నింపి ఉంటే, దారం చుట్టడం ప్రాజెక్టా అని రాసేవారు కాదూ?

పెద్ద సంఖ్యల గుణకారంలో ఆసు పోసే చెయ్యి ఒక చిన్న లూపు. ఒక సంఖ్యలోని లింబులన్నిటినీ ఇంకో సంఖ్యలోని ఒక్క లింబుతో గుణించి, కింద ఉన్న మొత్తానికి కలుపుకుంటూ పోతుంది. వెయ్యి లింబుల సంఖ్యలు రెండు గుణిస్తే ఆ చెయ్యి 10 లక్షల సార్లు ఆడుతుంది. ఒక్కో ఆటలో ఒక్క సైకిల్ మిగిల్చినా 10 లక్షల సైకిళ్లు. అందుకే జీఎంపీలో చాలా భాగం సీలో ఉన్నా ఇలాంటి లూపులను మాత్రం ప్రాసెసరుకో రకంగా అసెంబ్లీలో రాశారు. చాలా ప్రాసెసర్లకు పొర్లిన ఒకటిని గుర్తుపెట్టుకునే చోటు ఉంది, సీ భాష నుంచి దాన్ని నేరుగా తాకలేం.

చెయ్యి వేగం పెంచడం ఒక దారి. అసలు చెయ్యి ఆడించడమే తగ్గించడం ఇంకో దారి. 1960లో మాస్కోలో కొల్మగోరవ్ అంతటి గణితవేత్త, గుణకారాన్ని బడి పద్ధతి కంటే బాగా తగ్గించడం కుదరదని తన అంచనా చెప్పాడు. 23 ఏళ్ల విద్యార్థి కరత్సుబా వారం తిరక్కుండా తగ్గించి చూపించాడు. 47ను 86తో గుణించాలనుకోండి. బడి పద్ధతిలో నాలుగు చిన్న గుణకారాలు. కరత్సుబా లెక్కలో మూడే. నాలుగెనిమిదులు 32. ఏడార్లు 42. ఇక 4, 7 కూడితే 11, 8, 6 కూడితే 14, వాటి లబ్ధం 154. అందులోంచి 32, 42 తీసేస్తే 80. 3,200కు 800, దానికి 42 కలిపితే 4,042. ఒక గుణకారం పోయి నాలుగు కూడికలు, తీసివేతలు వచ్చాయి. రెండంకెలకు ఇది నష్టం బేరం. సంఖ్య పెరిగేకొద్దీ లాభం. మరి ఎక్కడ నుంచి లాభం? పుస్తకంలో జవాబు దొరకదు, మెషీనునే అడగాలి. జీఎంపీతో పాటు దానికోసమే కొలిచే ప్రోగ్రాము ఒకటి వస్తుంది. పిల్లలు తమ లైబ్రరీకి అలాంటిదే చిన్నది రాసుకుని రెండు లాప్‌టాప్‌ల మీద నడిపారు. ఒకదాంట్లో 20 లింబులు దాటగానే కరత్సుబా గెలిచింది, ఇంకోదాంట్లో 30 దాకా బడి పద్ధతే నెగ్గింది. ఇంకా పెద్ద సంఖ్యలకు టూమ్, కుక్‌ల పద్ధతులు, ఆ పైన 1971 నాటి షోన్‌హాగే, స్ట్రాసెన్‌ల పద్ధతి ఉన్నాయి. అంతదూరం మావాళ్లు పోలేదు, పోనవసరమూ రాలేదు.

ఎందుకంటే అసలు దెబ్బ ఇంకో చోట తగిలింది. అబ్బాయి 10,000 ఫ్యాక్టోరియల్ కట్టించాడు. ఒకటి నుంచి పదివేల దాకా అన్నీ గుణిస్తే వచ్చేది, 35,660 అంకెలు. లోపల 1,851 లింబులు. గుణకారం చిటికెలో అయింది, జవాబు తెర మీదికి రావడానికి మాత్రం ఆగి ఆగి వచ్చింది. గుణకారాన్ని నున్నగా చెక్కడానికి వాడు రెండు వారాలు పోశాడు, తీరా కొలిచి చూస్తే కాలమంతా అచ్చు వేయడంలో పోతోంది. పదితో భాగించి ఒక అంకె, మళ్లీ భాగించి ఒక అంకె, అలా 35,660 సార్లు ఆ లింబులన్నిటి మీదా నడుస్తోంది. ఒక లింబులో పట్టే పది ఘాతాల్లో పెద్దది 10కి 19వ ఘాతం. దానితో భాగిస్తే ఒక్కో నడకకు 19 అంకెలు రాలతాయి. 35,660 నడకలు 1,877కు దిగాయి. మార్చింది నాలుగు పంక్తులు. వాడు ఇంటికి పోయేముందు, 'ముందే కొలవాలె' అని తనలో తనే గొణుక్కున్నాడు. ఈ పాఠం ఏ సెమిస్టరు సిలబస్‌లో ఉందో నాకైతే కనిపించలేదు.

ఈ ముచ్చట వస్తే నాకు లక్కోజు సంజీవరాయశర్మ గారు గుర్తుకొస్తారు. 1907లో కడప జిల్లా కల్లూరులో అంధుడిగా పుట్టి, వేల సభల్లో గణితావధానం చేసిన మనిషి. వయొలిన్ వాయిస్తూ మధ్యలో జవాబులు చెప్పేవారు. 2కి 103వ ఘాతమెంతని హైదరాబాద్ సభలో అడిగితే 32 అంకెలూ అప్పటికప్పుడు చెప్పారని పెద్దలు చెప్పుకుంటారు. కంప్యూటరుకు 2కి 103వ ఘాతం లెక్కే కాదు. రెండు లింబులు, మొదటిది ఖాళీ, రెండోదాంట్లో ఒకే ఒక్క బిట్టు వెలుగుతుంది, అంతే. కష్టమంతా దాన్ని మనిషి చదివే అంకెల్లోకి దించడంలో ఉంది. శర్మగారు చేసింది ఆ కష్టం.

ఇక ఆ ప్రాజెక్టు ఏమైందో చెప్పి అసలు మనవికి వస్తాను. పిల్లలు తలా కొంత వేసుకుని హైదరాబాద్‌లో ఒక చోట రెడీమేడ్ ప్రాజెక్టు కొన్నారు. మొక్కల ఆకుల ఫొటో చూసి తెగులు చెప్పేది. రికార్డు అచ్చు వేసి, బైండు చేసి ఇచ్చారు. వైవాలో అడగబోయే ప్రశ్నలు, వాటి జవాబులు కూడా ఆ రేటులోనే. మంచి మార్కులే వచ్చాయి. వాళ్లు చేయని పనికి మార్కులొచ్చాయి, చేసిన పని ఆదివారాల వ్యసనంగా మిగిలింది. కొన్నందుకు నేను వాళ్లను కసిరాను. కానీ కొత్త టైటిల్ లేకపోతే పాస్ కానివ్వని చోట అంతకంటే ఏం చేయగలరో నాకూ తెలియలేదు.

అయ్యా, మీరు తలచుకుంటే అయ్యే పనులే అడుగుతున్నాను. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు కొత్త టైటిల్ తప్పనిసరి అనే పట్టింపు తీసేయమని విశ్వవిద్యాలయాలకు సూచించండి. ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు పట్టి దిద్దినా, ఒక లూపును వేగం చేసినా, దాన్ని సరిచూసే పరీక్షలు రాసినా, తెలుగులో వాడుక పుస్తకం రాసినా అది ప్రాజెక్టే అనండి. కొన్న కోడు దొరికిపోవడానికి పెద్ద తంతు అక్కర్లేదు. వైవాలో పావుగంట సేపు పిల్లను కీబోర్డు ముందు కూర్చోబెట్టి, తన ప్రోగ్రాములో ఒక పంక్తి మార్చి, ఏం జరుగుతుందో ముందే చెప్పి, నడిపి చూపించమంటే చాలు. పరీక్షకులకు బైండు పుస్తకం తిరగేసే శ్రమ కూడా తప్పుతుంది.

ఇంకొకటి చిన్న కాగితం పని. గ్నూ లాంటి ప్రాజెక్టుల్లో కొన్ని పెద్ద మార్పులు చేర్చుకునే ముందు హక్కుల పత్రం అడుగుతాయి. రేపు ఎవరో వచ్చి ఈ కోడు మాది అనకూడదని వాళ్ల జాగ్రత్త. కొలువు చేసేవాళ్లయితే యజమాని సంతకం కూడా పెట్టించుకోవాలి. కాలేజీ రికార్డుల్లోనేమో ప్రాజెక్టు సంస్థ ఆస్తి అనే వాక్యం కింద, ఎవరూ చదవకుండానే సంతకం పడిపోతూ ఉంటుంది. పెద్దమ్మాయి పరీక్షల ఫైలును ఒక చిన్న స్వేచ్ఛా లైబ్రరీ వాళ్లు తీసుకుంటామన్నారు. కాలేజీ నుంచి ఒక్క వాక్యం కావాలన్నారు, ఈ కోడు మీద మాకు హక్కు లేదు అని. దాని కోసం మూడుసార్లు ఆఫీసు గది ముందు నిలబడి వచ్చింది. ఇవ్వం అని ఎవరూ అనలేదు. ఎవరు సంతకం పెట్టాలో ఎవరికీ తెలియలేదు, అంతే.

ఆ వాక్యంతో ఒక నమూనా పత్రం మండలి పేరున విడుదల చేస్తే ప్రిన్సిపాళ్లకు భయం ఉండదు. ఒక పేజీ చాలు. నాకు తోచినట్టు తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రాసి ఈ లేఖకు జత చేశాను. సంతకానికి, తేదీకి, కాలేజీ ముద్రకు అడుగున జాగా వదిలాను. ఏడుకు మల్లన సంఖ్య కలిపే పరీక్ష ఆమె ఫైలులో మొట్టమొదటి పంక్తి. ఆ ఫైలు ఇంకా ఆమె లాప్‌టాప్‌లోనే ఉంది.

ఇట్లు,
ఖిల్లా కింది వాడకట్టు నుంచి
ఒక పాత సీ ప్రోగ్రామర్,
భువనగిరి